బెంగళూరు ఎం.జి. రోడ్డు కాఫీ హౌస్ అసలు ఎవరిది? చరిత్ర తెలిసినవారు చెప్పండి

పెనుకొండ_వాసి | ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఈ రోజు పొద్దున మా అమ్మాయితో కలిసి చర్చి స్ట్రీట్‌లో పాత కట్టడాలు చూపించే నడకకు వెళ్లాను. ఒక యువకుడు వీధి వీధీ తిప్పుతూ కథలు చెప్పాడు, చాలావరకు బాగా చెప్పాడు. బ్రిగేడ్ గార్డెన్స్‌లోని ఇండియన్ కాఫీ హౌస్ ముందుకు వచ్చేసరికి, "తెల్లదొరలు తమ హోటళ్లలోకి మనవాళ్లను రానివ్వలేదు. ఆ పౌరుషంతో మనవాళ్లు పెట్టుకున్నదే ఇది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా మనసు ఒప్పుకోలేదు.

మా నాన్నగారు టెలిఫోన్లు తయారుచేసే ఐ.టి.ఐ. ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు పనిచేశారు. జీతం వచ్చాక మొదటి శనివారం సాయంత్రం దూరవాణినగర్ నుంచి మమ్మల్ని బస్సులో ఎం.జి. రోడ్డుకు తీసుకొచ్చేవారు. కాఫీ హౌస్ అప్పుడు అక్కడే ఉండేది. రైలు పెట్టెలోలా ఎదురెదురు బెంచీలు, గోడల మీద కాఫీ బోర్డు వారి పాత ప్రకటన బొమ్మలు, తెల్ల దుస్తులు వేసుకుని తల మీద విసనకర్ర విప్పినట్టుండే తలపాగా పెట్టుకున్న సర్వర్లు. నాకూ తమ్ముడికీ కలిపి ఒక కట్లెట్, అమ్మకూ నాన్నకూ కాఫీ. ఒకసారి నేను ఆ తలపాగా మనిషిని చూపించి "ఈయన రాజా?" అని అడిగితే నాన్నగారు "రాజు కాదురా, యజమాని. ఈ హోటలు వీళ్లదే" అన్నారు. కప్పులు మోసే మనిషి యజమాని ఎలా అవుతాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు నాన్నగారికి ఎనభై మూడేళ్లు. ఈ రోజు ఇంటికి వచ్చి మళ్లీ అడిగాను. "గోపాలన్... సంఘం..." అని రెండు మాటలు చెప్పి ఆగిపోయారు. తరువాతి మాట దొరకక ఆయన పడిన అవస్థ చూడలేకపోయాను. మిగతా కథ తెలిసినవారు ఎవరైనా చెబితే ఆయనకు చదివి వినిపిస్తాను.

---

కాఫీగింజ | ఆదివారం, రాత్రి 10.45

మీ నాన్నగారి మాటే నిజమండీ. ఆ అబ్బాయి చెప్పింది వినసొంపుగా ఉంది కానీ పుట్టుక మాత్రం అలా కాదు.

మా తాతగారు మదనపల్లె దగ్గర పల్లె నుంచి చిక్కమగళూరు వెళ్లి ఒక తోటలో రైటరుగా కుదిరారు. రైటరు అంటే కూలీల హాజరు పట్టీ, కోత లెక్క, గోదాము తాళం, అన్నీ చూసే గుమాస్తా. కనుక నేను విన్న కథ తోట వైపు నుంచి మొదలవుతుంది.

1930లలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. కాఫీ ధర ఎంతగా పడిపోయిందంటే బ్రెజిల్‌లో ధర నిలబెట్టడం కోసం ప్రభుత్వమే లక్షల బస్తాలు తగలబెట్టించింది. మన కొండల కాఫీకి కూడా ఓడెక్కి ఐరోపా చేరితేనే గిరాకీ. ఇక్కడి జనంలో కాఫీ తాగేది దక్షిణాదిలో కొన్ని ఇళ్లవారు, అంతే. అందుకని 1935లో కాఫీ మీద సెస్సు వేసే చట్టం తెచ్చి, ఆ డబ్బుతో కాఫీ వాడకం పెంచడానికి ఒక కమిటీ పెట్టారు. ఆ కమిటీ 1936లో బొంబాయి చర్చిగేటులో మొదటి కాఫీ హౌస్ తెరిచింది. మంచి కాఫీ ఎలా ఉంటుందో జనానికి రుచి చూపించి అలవాటు చేయాలి, అదీ ఆలోచన.

తరువాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఐరోపా మార్కెట్టు మూసుకుపోయింది. 1942లో కాఫీ చట్టం, దాని కింద కాఫీ బోర్డు. అప్పటినుంచి తోట చిన్నదైనా పెద్దదైనా, ఇంటి వాడకానికీ విత్తనానికీ కొంత ఉంచుకుని, పండిందంతా బోర్డు 'పూల్'లో పోయాల్సిందే. బోర్డు దాన్ని అమ్మి, గింజ రకాన్ని బట్టి పాయింట్లు కట్టి, విడతలు విడతలుగా డబ్బు ఇచ్చేది. ఈ ఏడాది పోసిన గింజకు ఆఖరి విడత ఎప్పుడొస్తుందోనని చిన్న రైతులు ఎదురుచూసేవారు. మా ఇంట్లో పెళ్లి ముహూర్తాలు కూడా "విడత వచ్చాక చూద్దాం" అనే మాట మీదే ఆగేవి.

అలా చేతికొచ్చిన కాఫీ అమ్మడానికి బోర్డు దేశమంతటా కాఫీ హౌస్‌లు నడిపింది. 1940లలో అవి దాదాపు 50 ఉండేవి. కలకత్తా కాలేజీ స్ట్రీట్‌లో ఆల్బర్ట్ హాలులో తెరిచింది కూడా 1942లోనే. టీ తాగే ఊళ్లలో కాఫీకి చోటు సంపాదించిపెట్టినవి ఆ హాళ్లే. బోర్డు ప్రధాన కార్యాలయం మన బెంగళూరే, విధానసౌధ దగ్గర అంబేడ్కర్ వీధిలో ఇప్పటికీ ఉంది.

పుట్టుక సంగతి ఇది. సర్వర్ల చేతికి ఎలా వచ్చిందో ఇక్కడ నాకన్నా బాగా చెప్పగలవారు ఉన్నారు.

---

మెజెస్టిక్_ప్లాట్‌ఫారం | సోమవారం, ఉదయం 7.05

కాఫీగింజ గారూ, ఒక్క మాట. బ్రిటిష్ సైన్యం ఉన్న కంటోన్మెంటులో తెల్లవాళ్లకే పరిమితమైన క్లబ్బులు ఉండేవన్నది అబద్ధం కాదు కదా? ఎం.జి. రోడ్డు పేరు అప్పట్లో సౌత్ పరేడ్. 1948లో గాంధీగారి పేరు పెట్టారు. అలాంటి వీధిలో ఒక సామాన్యుడు దర్జాగా కూర్చుని, తలపాగా పెట్టుకున్న మనిషి తెచ్చిచ్చిన కాఫీ తాగడం చిన్న విషయం కాదు. ఆ అబ్బాయి కారణం తప్పు చెప్పి ఉండవచ్చు, కానీ ఆ అనుభవం జనానికి కలిగి ఉంటుంది.

---

కాఫీగింజ | సోమవారం, ఉదయం 7.40

అది ఒప్పుకుంటాను. తెరిచినవాడి అవసరం వేరు, వచ్చి కూర్చున్నవాడి తృప్తి వేరు. రెండూ చెప్పాలి. రెండోది చెప్పి మొదటిది మరిచిపోతేనే కథ చెడుతుంది.

---

పాత_యూనియన్ | సోమవారం, మధ్యాహ్నం 3.30

పెనుకొండ_వాసి గారూ, మీ నాన్నగారికి గుర్తొచ్చిన రెండు మాటలూ సరైనవే. ఆ రెండింటి మధ్య జరిగింది చెబుతాను, కొంచెం ఓపికగా చదవండి. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ముప్పై ఏళ్లు యూనియన్‌లో తిరిగాను. ఈ కథ మా పెద్దలు మాకు తరగతులలో చెప్పేవారు.

1950ల మధ్యలో బోర్డు తన విధానం మార్చుకుంది. కాఫీ హౌస్‌లు నడపడం ఇక తన పని కాదని మూసివేతకు దిగింది. వంటవాళ్లు, సర్వర్లు, కప్పులు కడిగేవాళ్లు, క్యాషియర్లు, అందరూ వీధిన పడే పరిస్థితి. పదిహేనేళ్లు ఒకే పని చేసినవాళ్లు. మరో పని రాదు.

అప్పుడు ఏ.కె. గోపాలన్ వాళ్ల వెనుక నిలబడ్డారు. కేరళ కమ్యూనిస్టు నాయకుడు, అప్పటికే లోక్‌సభ సభ్యుడు. ఆయన ఇచ్చిన సలహా వినడానికి తేలిక, చేయడానికి కొండంత: బోర్డు వద్దనుకున్న హోటళ్లను మీరే తీసుకుని నడపండి. కార్మికులు ఉద్యమం చేసి, హోటళ్లను తమకే అప్పగించేలా బోర్డును ఒప్పించారు. 1957 ఆగస్టు 19న కాఫీ కార్మికుల మొదటి సహకార సంఘం ఏర్పడింది. ఎక్కడో తెలుసా? మన బెంగళూరులో. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు, అదే నా బాధ. ఆ ఏడాది అక్టోబర్ 27న ఢిల్లీలో, 1958 మార్చి 8న త్రిశ్శూరులో కార్మికుల చేతి కింద కాఫీ హౌస్‌లు తెరుచుకున్నాయి. కేరళలో మొదటి కమ్యూనిస్టు మంత్రివర్గం 1957 ఏప్రిల్‌లో వచ్చిందని కలిపి గుర్తుంచుకుంటే ఆ రోజుల గాలి ఎటు వీచిందో తెలుస్తుంది.

సహకార సంఘం అంటే ఏమిటో కొత్తవాళ్ల కోసం చెబుతాను. సభ్యుడు వాటా సొమ్ము కట్టాలి. వాటా ఎంతున్నా ఓటు ఒక్కటే. పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. మిగులు ఉంటే పంచుకుంటారు, నష్టం వస్తే భరిస్తారు. పొద్దున తలపాగా పెట్టుకుని మీకు ఆమ్లెట్ తెచ్చిన మనిషి, సాయంత్రం సర్వసభ్య సమావేశంలో లేచి, "గుడ్ల ఖర్చు ఈ నెల ఎందుకు పెరిగింది?" అని మేనేజరును నిలదీయగలడు. నేను బ్యాంకులో ఉన్నప్పుడు చాలా సహకార సంఘాల లెక్కలు చూశాను. వాటిలో అధ్యక్షుడు ఒకే ఇంటివాడై, సభ్యులు సంతకాలకే మిగిలిన సంఘాలే ఎక్కువ. పని చేసే చేతులే ఓటు వేసే చేతులైన సంఘాలు అరుదు. కాఫీ హౌస్ గొప్పతనం నాకు అక్కడ కనిపిస్తుంది. ఎవరెవరు పెద్దమనుషులు ఏ బల్ల దగ్గర కూర్చున్నారన్నది తరువాతి సంగతి.

---

పెనుకొండ_వాసి | సోమవారం, రాత్రి 8.50

పాత_యూనియన్ గారూ, మీరు రాసింది ఇప్పుడే నాన్నగారికి చదివి వినిపించాను. ఆగస్టు 19 అన్నచోట ఆపమని చేయి ఎత్తారు. "బెంగళూరులోనే" అన్నారు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

---

ఉల్సూరు_అక్క | మంగళవారం, ఉదయం 11.15

నేను ఈ వేదికలో ఎక్కువగా చదివేదాన్నే కానీ రాసేదాన్ని కాదు. ఈ చర్చ చూసి ఉండబట్టలేక రాస్తున్నాను.

1984లో అనంతపురం నుంచి ఉద్యోగానికి బెంగళూరు వచ్చాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఉల్సూరులో మహిళల హాస్టలులో ఉండేదాన్ని. నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి అయిపోయేది, హాస్టలులో సాయంత్రం ఆరింటి దాకా టీ కూడా ఇచ్చేవారు కాదు. ఆ నాలుగు గంటలు ఎక్కడ కూర్చోవాలి? ఆ రోజుల్లో ఆడపిల్ల ఒక్కతే హోటల్లోకి వెళ్తే ముందు "ఫ్యామిలీ రూమా?" అని అడిగేవారు, లేదా పై నుంచి కింది దాకా చూసేవారు. పార్కులో కూర్చుంటే ఎవరో ఒకరు పక్కన చేరేవారు.

మొదటిసారి కాఫీ హౌస్ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. లోపల అంతా మగవాళ్లే, పొగ కమ్మేసి ఉంది. ఒక పెద్ద సర్వరు, నెరిసిన మీసం, నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. గల్లాపెట్టె పక్కన గోడవైపు ఉన్న చిన్న బల్ల మీద గుడ్డతో రెండుసార్లు తుడిచి, కుర్చీ వెనక్కి లాగి, పక్కకు జరిగాడు. అంతే. ఆ కుర్చీలోంచి హాలంతా కనిపించేది, కానీ నా వెనక నుంచి ఎవరూ రాలేరు. అది ఆలోచించే ఆ చోటు చూపించాడని నాకు చాలా రోజుల తరువాత తట్టింది.

నాలుగేళ్లు అదే బల్ల. ఒక కాఫీ, ఒక నవల. కప్పు ఖాళీ అయ్యాక కూడా బిల్లు తెచ్చి పెట్టేవాడు కాదు. బిల్లు పెట్టడం అంటే లేవమని చెప్పడమే అని అతనికి తెలుసు. నేను పుస్తకం మూసినప్పుడే తెచ్చేవాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను, ఆ రోజుల్లో మాకు అంత ధైర్యం లేదు. తెలుగు మాట్లాడేవాడు కాదు, మలయాళమో కన్నడమో. ఇద్దరికీ కలిపి వచ్చిన మాటలు పదో పన్నెండో.

పాత_యూనియన్ గారు రాసింది చదివాక ఈ రోజు ఒకటి అర్థమైంది. జీతానికి పనిచేసే సర్వరు అయితే, ఒక్క కాఫీకి రెండు గంటలు కూర్చున్న పిల్లను లేపమని యజమాని చెబితే లేపాల్సిందే. ఆయనకు చెప్పేవాడు లేడు. బల్ల ఆయనది.

---

దోసె_ప్రియ | మంగళవారం, ఉదయం 11.48

ఉల్సూరు అక్కా, ఆఖరి మాట చదివి కళ్లు చెమర్చాయి. తరచుగా రాస్తూ ఉండండి.

---

బసవనగుడి_వకీలు | మంగళవారం, రాత్రి 9.30

అందరూ పుట్టుక గురించి చెప్పారు. ఎం.జి. రోడ్డు మీద నుంచి ఎందుకు పోయిందో కూడా చెప్పుకోవాలి, లేకపోతే మా అమ్మాయి వయసువాళ్లు "వ్యాపారం నడవక పోయింది" అనుకుంటారు. అక్కడ బల్లలు ఏనాడూ ఖాళీగా లేవు.

అది అద్దె భవనం. అర్ధశతాబ్దం అక్కడ నడిచి, ఖాళీ చేయవలసి వచ్చి, 2009 ఏప్రిల్ 5న మూతపడింది. ఆ ఒక్క భవనం మాట పక్కన పెట్టి మొత్తం కంటోన్మెంటు వైపు చూడండి. పాత బెంగళూరు దుకాణాలూ హోటళ్లూ 1961 నాటి అద్దె నియంత్రణ చట్టం నీడలో బతికాయి. ఆ నీడలో పాత అద్దె పాత అద్దెగానే ఉండేది, ఖాళీ చేయించడం యజమానికి కష్టమయ్యేది. దాని స్థానంలో 1999లో కొత్త అద్దె చట్టం చేశారు, అది 2001 చివరి రోజున అమలులోకి వచ్చింది. కొత్త చట్టం ప్రకారం వ్యాపార స్థలానికి రక్షణ కావాలంటే దాని విస్తీర్ణం 14 చదరపు మీటర్లు దాటకూడదు. 14 చదరపు మీటర్లంటే మన ఇళ్లలో ఒక మోస్తరు పడకగది. బీడా కొట్టుకో, టైలరు షాపుకో సరిపోతుంది. నలభై మంది కూర్చునే హాలుకు రక్షణ ఎక్కడిది?

యజమానులను దుర్మార్గులని నేను అనను. నామమాత్రపు అద్దెతో దశాబ్దాలు గడిపిన యజమాని బాధ కూడా కోర్టులో దగ్గరగా చూశాను. కానీ ఎం.జి. రోడ్డు మీద చదరపు అడుగు ధర ఆకాశానికి ఎక్కాక, ఒక కాఫీకి రెండు గంటలు కూర్చోనిచ్చే హోటలు ఆ అద్దె కట్టలేదు. ఉల్సూరు అక్కగారి నాలుగేళ్ల చదువును మోసింది ఆ సర్వరు మంచితనంతో పాటు ఒక పాత చట్టం కూడా.

2009 ఆ వీధికి చెడ్డ ఏడాది. చర్చి స్ట్రీట్ మలుపులో ఉన్న ప్రీమియర్ బుక్ షాప్ మూతపడింది కూడా అప్పుడే. ప్లాజా సినిమా హాలు అప్పటికే పోయింది, ఇప్పుడు ఆ చోట మెట్రో స్టేషను ఉంది. 2011 అక్టోబర్ 20న ఎం.జి. రోడ్డుకు మొదటి మెట్రో వచ్చేసరికి, దిగి ఎటు వెళ్లాలో తెలియని పాతవాళ్లను నేను చూశాను.

---

ఇందిరానగర్_కొత్త | బుధవారం, ఉదయం 8.20

పెద్దలు క్షమించాలి, నా అభిప్రాయం కొంచెం వేరు. నేను 2016లో విజయవాడ నుంచి వచ్చాను. ఈ ఊళ్లో ఇప్పుడు వేయించిన తేదీ, తోట పేరు, ఎత్తు, గింజ రకం అన్నీ రాసి ఇచ్చే కాఫీ దొరుకుతోంది. రైతు పేరు మీద కాఫీ అమ్ముడవుతోంది. కాఫీగింజ గారు చెప్పిన పూల్ పద్ధతిలో మంచి గింజా మామూలు గింజా ఒకే కుప్పలో కలిసిపోయేవి, శ్రద్ధగా పండించినవాడికి పేరు ఉండేది కాదు. ఆ కాలం పోవడం మంచిదే కదా. జ్ఞాపకాల మీద ప్రేమతో పాత పద్ధతులన్నిటినీ గొప్ప చేస్తున్నామేమో అనిపిస్తోంది.

---

కాఫీగింజ | బుధవారం, ఉదయం 9.05

క్షమించడానికి ఏముంది బాబూ, పూల్ గురించి నువ్వన్నది అక్షరాలా నిజం. 1990లలో దాన్ని విడతలుగా సడలించారు. ముందు కొంత భాగం రైతు సొంతంగా అమ్ముకోవచ్చన్నారు, 1996 నాటికి మొత్తం అమ్ముకోవచ్చన్నారు. మా మామయ్య తన కాఫీని తానే బేరమాడి అమ్మిన మొదటి ఏడు, ఆ రాత్రి ఇంట్లో పండగ. బ్రిగేడ్ రోడ్డులో మొదటి కేఫ్ కాఫీ డే తెరుచుకున్నది కూడా అదే 1996లో. ఆ రెండింటికీ సంబంధం ఉంది. తోట ఉన్నవాడికి తన గింజను నేరుగా కప్పులో పోసి అమ్మే స్వేచ్ఛ అప్పుడే వచ్చింది.

అయితే ఒకటి గమనించు. పూల్ బోర్డుది. కాఫీ హౌస్ 1957 నుంచి కార్మికులది. ఆ రెండింటినీ ఒకే మూటలో కట్టకు.

---

పాడేరు_గాలి | బుధవారం, మధ్యాహ్నం 1.40

తెలుగువాళ్ల వేదిక కనుక మా కొండల మాట కూడా ఒకటి. మాది పాడేరు. బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చంద్రగిరి కొండల్లో నాటాడన్న కథ అందరికీ తెలుసు. మా తూర్పు కనుమల కథ ఎవరూ చెప్పరు. చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉంది. మా నాన్నగారి తరంలో పోడు కొండల మీద సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్కలు నాటించారు, దానికి మిరియాల తీగ పాకించారు. మా ఇంటి వెనుక చెట్టు నుంచి పండు కోసి నోట్లో వేసుకుంటే గుజ్జు తియ్యగా ఉంటుంది, పిల్లలం అది చప్పరించి గింజ ఉమ్మేసేవాళ్లం. ఆ గింజకే విలువ అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు పేరుతో పారిస్‌లో 2017లోనూ, మన ఇందిరానగర్‌లో 2021లోనూ కాఫీ దుకాణాలు తెరిచారు. ఇందిరానగర్ దుకాణం గోడ మీద మా ఊరి పేరు చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను. కాబట్టి ఇందిరానగర్_కొత్త గారి సంతోషం నాకు తెలుసు. కానీ ఆయనను ఒకటి అడగాలని ఉంది. కొత్త కాఫీ దుకాణాల్లో గింజ పండించినవాడి పేరు కప్పు మీద ఉంటుంది, బాగుంది. ఆ కప్పు తెచ్చి ఇచ్చిన పిల్లవాడికి ఆ దుకాణంలో వాటా ఉందా?

---

ఇందిరానగర్_కొత్త | బుధవారం, మధ్యాహ్నం 2.15

లేదు. ఈ ప్రశ్న నాకు ఇంతవరకు తట్టలేదు. అడిగినందుకు ధన్యవాదాలు.

---

మెజెస్టిక్_ప్లాట్‌ఫారం | బుధవారం, సాయంత్రం 6.30

పెద్దలను ఒకటి అడగాలి. ఇంత మంచి ఏర్పాటు అయితే మరి ఎందుకు పెరగలేదు? కేరళలో ఎక్కడ చూసినా కాఫీ హౌస్ కనిపిస్తుంది. తిరువనంతపురం తంపానూరులో లారీ బేకర్ కట్టిన గుండ్రటి ఎర్ర ఇటుకల గోపురం లాంటిది నేనే చూశాను, లోపల నేల మెల్లగా చుట్లు తిరుగుతూ పైకి వెళ్తుంది. బల్లలు కూడా ఆ వాలులోనే. ఇక్కడెందుకు అలా లేదు?

---

పాత_యూనియన్ | బుధవారం, రాత్రి 9.00

కేరళలో సంఘం భోజనం వైపు కూడా గట్టిగా వెళ్లింది, అక్కడి జనం దాన్ని తమ సంస్థ అనుకుని నిలబెట్టారు. బెంగళూరులో పోటీ వేరు. ఇక్కడ ఒకవైపు బసవనగుడి విద్యార్థి భవన్, ఎం.టి.ఆర్. లాంటి పాత హోటళ్లు ఉన్నాయి. ఇంకోవైపు 1980ల నుంచి దర్శినులు వచ్చాయి. నిలబడి తిను, ఐదు నిమిషాల్లో కదులు. పది అడుగుల గదిలో రోజుకు వేలమంది. అదీ మంచి కాఫీయే, నేనూ రోజూ తాగుతాను. దర్శిని లెక్కలో చోటు ఖరీదు కప్పు ధరలోకి వచ్చేస్తుంది. కాఫీ హౌస్ లెక్కలో రాదు.

ఇంకొకటి. మాట్లాడుకునే చోటు అంటే అధికారానికి ఎప్పుడూ కొంచెం గుబులే. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని కాఫీ హౌస్‌ను ఎమర్జెన్సీలో కూల్చేశారు. బెంగళూరుకు ఆ గతి పట్టలేదు. ఇక్కడ కోర్టు కాగితాల మీద, అద్దె లెక్కల మీద పోయింది. అయినా చర్చి స్ట్రీట్‌కు మారి మళ్లీ పొయ్యి వెలిగించారంటే అది సభ్యుల మొండితనమే. యజమాని ఒక్కడే అయితే ఆ రోజే పరిహారం తీసుకుని ఇంటికి వెళ్లేవాడు.

---

ఉల్సూరు_అక్క | గురువారం, ఉదయం 10.10

ఏప్రిల్ 5 ఆఖరి రోజున నేను వెళ్లాను. లోపల చోటు లేదు, వీధిలోకి వరుస. నా బల్ల దగ్గర ఎవరో కాలేజీ పిల్లలు కూర్చుని ఉన్నారు. చూసి బయటి నుంచే వచ్చేశాను. ఆ పిల్లలను లేపమని అడగాలనిపించలేదు.

---

పెనుకొండ_వాసి | శనివారం, రాత్రి 8.40

ఈ రోజు మధ్యాహ్నం నాన్నగారిని చర్చి స్ట్రీట్‌కు తీసుకువెళ్లాను. కారు లోపలి దాకా పోదు కనుక మలుపులో దించి, చేయి పట్టుకుని నడిపించాను. అమ్మాయి కూడా వచ్చింది.

కిటికీ పక్క బల్ల దొరికింది. రెండు కాఫీ, ఒక కట్లెట్ చెప్పాం. నాన్నగారు కప్పు చెవి పట్టుకోలేకపోతున్నారని చూసి, సర్వరు ఏమీ అనకుండా వెళ్లి కాఫీని గాజు గ్లాసులోకి మార్చి, చేయి కాలకుండా చుట్టూ చేతిగుడ్డ కట్టి తెచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయేమో అతనికి.

అమ్మాయి అతని తలపాగా మీదనే కళ్లు పెట్టి కూర్చుంది. గిరాకీ తగ్గిన వేళ ఎలా కడతారని అడిగేసింది. అతను నవ్వి లోపలి నుంచి ఒక విడి గుడ్డ తెచ్చాడు. పొడవాటి తెల్ల గుడ్డ, గంజి పెట్టి పూర్తిగా ఆరనివ్వకుండా తీసిందట. బల్ల అంచు మీద పరిచి, వేలి కణుపు వెడల్పున ఒక మడత, దాని మీద ఇంకొకటి, గోటితో నొక్కుతూ పోయాడు. ఒక కొస బిగించి రెండో కొస వదిలేసరికి విసనకర్ర విచ్చుకుంది. దాన్ని అమ్మాయి తల మీద పెట్టాడు. పెద్దదైపోయి కనుబొమల మీదికి జారింది.

నాన్నగారు అది చూస్తూ, "ఓనర్" అన్నారు. సర్వరుకు తెలుగు రాదు కానీ ఆ మాట అర్థమైంది. "హౌదు సార్, మెంబర్" అన్నాడు, ఛాతీ మీద చేయి పెట్టుకుని.

నాన్నగారు కాఫీ మొత్తం తాగారు. మేము లేచేదాకా బిల్లు రాలేదు.